వాచీని వేళలు అడుగుదాం, మార్కులు వద్దు

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వార్త తిరిగింది. ఒళ్ళు వణికించి కదలికలను నెమ్మదింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్‌ను చేతికి పెట్టుకునే వాచీ ఏడేళ్ళ ముందే పట్టేస్తుందని. కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. మా పెద్దమ్మ కొడుకు నాకు విడిగా ఫోన్ చేసి, "చెల్లే, చిన్నమ్మకు ఎట్లాగూ ఉంది కదా, మనకూ వస్తదేమో, తలా ఒకటి కొనుక్కుందామా?" అని అడిగాడు. అమ్మకు ఈ జబ్బు బయటపడినప్పటి నుంచి ఇలాంటి వార్త ఏదొచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. అన్నయ్యకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పాను. అవి చాలలేదనిపించి ఇది రాస్తున్నాను.

ఆ వార్త వెనకున్న పరిశోధన నిజమైనదే. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య వివరాలు సేకరించే యూకే బయోబ్యాంక్‌లో లక్షా మూడు వేల మందికి పైగా ఒక్కో వారం పాటు మణికట్టుకు కదలికలు కొలిచే ఆక్సిలరోమీటర్ కట్టుకున్నారు. కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ రికార్డులు తీసి చూస్తే, తర్వాతి సంవత్సరాల్లో పార్కిన్సన్స్ బయటపడిన వాళ్ళలో ఆ వారం నాటికే కదలికలు తగ్గి ఉన్నాయని తేలింది. కొందరిలో ఏడేళ్ళ ముందే. పరిశోధకులకు ఇది ఎంతో విలువైన సంగతి. రేపు జబ్బును నెమ్మదింపజేసే మందేదైనా పరీక్షించాలంటే ఎవరిని ఎంచుకోవాలో ముందే తెలుస్తుంది. కానీ మా అన్నయ్యకు ఇవాళ దాంతో పనేమిటి? జబ్బు ముదరకుండా ఆపుతుందని రుజువైన మందు ఇప్పటికి ఒక్కటీ లేదు. రోజూ నడవమనీ వ్యాయామం చేయమనీ చెప్పడానికి వాచీ అక్కర్లేదు. ఏడేళ్ళ టెన్షన్ మాత్రం ముందే మొదలవుతుంది.

నేను మాట్లాడాలనుకున్నది జబ్బు తేలిన తర్వాతి సంగతి, అందులోనూ చేతి సంగతి. మా ఇంట్లో తెల్లారి లేస్తే నడిచే గొడవ అదే. నా మాట ముందే చెప్పేస్తాను. వాచీ పెట్టుకోవాల్సిందే. చెయ్యి ఏ వేళకు ఎలా ఉందో దాన్ని అడగాలి. చెయ్యి ఎంత బాగుందని, జబ్బు ఎంత ముదిరిందని అడిగితే మాత్రం అది తప్పు జవాబు చెబుతుంది. ఆ తప్పు జవాబు మీద మాత్రలు మారిపోతాయి.

ఓపీలో ఐదు నిమిషాలు

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళను తీసుకెళ్ళే అందరికీ ఈ పరీక్ష తెలుసు. "అమ్మా, బొటనవేలు, చూపుడువేలు ఇలా కొట్టండి. పెద్దగా, ఫాస్టుగా, పదిసార్లు." అమ్మ ఎడమ చేత్తో సులువుగా కొట్టేస్తుంది. కుడి చేతి దగ్గరికి వచ్చేసరికి మొదటి మూడు నాలుగు సార్లు వేళ్ళు బాగానే తెరుచుకుంటాయి. తర్వాత ఆ సందు తగ్గుతూ వస్తుంది. ఏడో ఎనిమిదో సారికి రెండు వేళ్ళూ దాదాపు అంటుకునే ఉంటాయి. ఒకచోట అసలు ఆగిపోతాయి. అమ్మ తన వేళ్ళ వైపే చూస్తూ పెదవి బిగబట్టి మళ్ళీ మొదలుపెడుతుంది.

డాక్టర్లు చూసేది ఆ తగ్గడాన్నే. ఒట్టి నెమ్మది ఈ జబ్బు గుర్తు కాదు. చేస్తున్నకొద్దీ కదలిక చిన్నదైపోవడమే గుర్తు. ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ అనే కొలమానం ప్రకారం దీనికి 0 నుంచి 4 దాకా స్కోరు ఇస్తారు. పది పూర్తయ్యే ముందు చిన్నబడితే 1, మధ్యలోనే చిన్నబడితే 2, మొదటిసారి కొట్టిన వెంటనే చిన్నబడితే 3. చేతులు, కాళ్ళు, నడక, ముఖం అన్నీ కలిపి కదలికల భాగం మొత్తం 132కి. పాత కొలమానం 1987 నాటిది, ఈ సవరించిన రూపం 2008లో వచ్చింది. ప్రపంచమంతా వాడేది ఇదే. ఆలోచించి చేసిన కొలమానమే. దాని మీద నాకు గౌరవముంది.

నా పేచీ వేళతో. అమ్మ పొద్దున ఏడింటికి మొదటి మాత్ర వేసుకుంటుంది. అందులోని మందు లెవోడోపా. అది రక్తంలో ఎక్కువ సేపు నిలవదు, గంటన్నరలో సగానికి పడిపోతుంది. జబ్బు కొత్తలో మెదడు దాన్ని దాచుకుని నెమ్మదిగా వాడుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ దాచుకునే శక్తి తగ్గుతుంది, రక్తంలో మందు ఎంతుంటే చెయ్యి అంత ఆడుతుంది. ఒకసారి టోకెన్ త్వరగా వచ్చింది, ఎనిమిదిన్నరకే లోపలికి పిలిచారు. చెయ్యి చక్కగా ఆడింది. "బాగుందమ్మా, ఇవే కంటిన్యూ చేయండి" అన్నారు. ఇంకోసారి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అప్పుడు అదే చెయ్యి అసలు మాట వినలేదు. రెండో మాత్ర బ్యాగులోనే ఉంది, మంచినీళ్ళ కోసం లేచి వెళ్తే టోకెన్ పిలుస్తారేమోనని అమ్మ వేసుకోలేదు. ఆ చీటీ మీద డోసు పెరిగింది. రెండు చీటీల్లోనూ ఉన్నది ఒకే అమ్మ, ఒకే జబ్బు. తేడా అంతా గడియారంలోనే ఉంది. ఆ గడియారం సంగతి ఏ చీటీ మీదా లేదు.

పైగా ఓపీ గదిలో మనిషి మామూలుగా ఉండడు. భయం, కంగారు వణుకును పెంచుతాయి. వంద నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమని డాక్టర్లు అడిగేది అందుకే, మనసు లెక్కలో పడితే దాగున్న వణుకు బయటికొస్తుంది. వణుకు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎవరో చూస్తున్నారని ఒళ్ళు కూడదీసుకుని చేస్తారు కాబట్టి నెమ్మది తక్కువ కనిపిస్తుంది. ఆ ఐదు నిమిషాల్లో రెండూ తారుమారు.

మణికట్టు మీది పెట్టె

అందుకే మా తమ్ముడు డాలస్ నుంచి వాచీ పంపినప్పుడు నేను సంతోషించాను. ఇప్పటికీ సంతోషంగానే ఉన్నాను.

ఈ వాచీల్లో ఉండేవి ముఖ్యంగా రెండు. ఆక్సిలరోమీటర్ వేగంలో మార్పును పడుతుంది, దాంతోపాటు భూమ్యాకర్షణనూ పడుతుంది. గైరోస్కోప్ చెయ్యి ఎంత వేగంగా తిరిగిందో చెబుతుంది. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు వస్తుంది. ఆ లయ అంత స్థిరంగా ఉండడం వల్ల యంత్రానికి దాన్ని పట్టడం సులువు. 2021లో యాపిల్ వాళ్ళు తమ వాచీతో చేసిన పరిశోధన అచ్చుకిచ్చినప్పుడు అందులో కొలిచింది ఈ వణుకునూ, మందు ఎక్కువైనప్పుడు ఒళ్ళు తనంతట తాను మెలికలు తిరిగే కదలికలనూ. 2022లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ వాచీ మీదే పనిచేస్తుంది. వణుకూ, మెలికలూ రెండూ కంటికి కనిపించే కదలికలే.

కానీ మా అమ్మను బాధపెడుతున్నది వణుకు కాదు. ఈ జబ్బున్న చాలామందిని అడిగి చూడండి, వణుకు నలుగురిలో సిగ్గనిపిస్తుందంటారు, అంతే. పని చెడగొట్టేది నెమ్మదితనం. జాకెట్టు హుక్కు పడదు. పప్పులో నెయ్యి వేసుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెడితే నాలుగు ముద్దలయ్యేసరికి వేళ్ళు బిగుసుకుంటాయి. ఇది లేని కదలిక. లేనిదాన్ని యంత్రం ఎలా కొలుస్తుంది?

ప్రయత్నాలు లేవని కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన పీకేజీ అనే పరికరం జబ్బు ఎక్కువున్న చేతికి పెట్టుకునేది. అది ప్రతి రెండు నిమిషాలకూ నెమ్మదితనానికి ఒక స్కోరు లెక్కగడుతుంది, మాత్ర వేళకు మణికట్టు మీద అదిరి గుర్తు చేస్తుంది. 2023లో ఇంగ్లండ్‌లో ఏ చికిత్సలు, పరికరాలు వాడవచ్చో సలహా ఇచ్చే నైస్ సంస్థ ఇలాంటి ఐదు పరికరాలను వాడవచ్చని చెప్పింది, ఇంకా ఆధారాలు సేకరించాలన్న షరతుతో. ఆ షరతు నాకు నచ్చింది.

చిక్కుడుకాయల పొద్దు

ఒక ఆదివారం పొద్దున తమ్ముడు కంగారుగా వీడియో కాల్ చేశాడు. వాచీ లెక్కలు వాడి ఫోన్‌కూ వెళ్తాయి. "అక్కా, అమ్మ కుడి చెయ్యి గంటన్నర నుంచి కదల్లేదు, గ్రాఫ్ అడుగున పడి ఉంది. మాత్ర వేశావా?" నేను ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ కింద చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మోచేయి మోకాలికి ఆనించి ఉంది. మణికట్టు రాయిలా నిలకడగా ఉంది. బొటనవేలి గోటితో కొన విరవడం, ఈనె లాగడం, కాయ రెండు ముక్కలు చేసి గిన్నెలో వేయడం. పనంతా వేళ్ళదే. ఆ పొద్దున చెయ్యి ఎన్నాళ్ళకో అంత చక్కగా ఆడుతోందని ఆవిడ ముఖమే చెబుతోంది.

"చిక్కుడుకాయ తుంచుతున్న బిడ్డా. కూసోని చేస్తె పని కాదా?" అంది తమ్ముడితో.

తమ్ముడు నవ్వేశాడు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. మణికట్టు మీది యంత్రానికి వేళ్ళు కనిపించవు. అంతకంటే పెద్ద సంగతి, చెయ్యి కదలకపోవడానికి కారణం దానికి తెలియదు. కదల్చలేక ఊరుకుందా, కదల్చే అవసరం లేక ఊరుకుందా, ప్రవచనం వింటూ మైమరచి ఊరుకుందా? గ్రాఫ్‌లో మూడూ ఒకటే గీత. డాక్టరు "పదిసార్లు కొట్టండి" అన్నప్పుడు ఆ మనిషి శక్తికొద్దీ ప్రయత్నిస్తోందని మనకు తెలుసు. ఇంట్లో ఆ ప్రయత్నం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో వాచీకి తెలియదు. దాని స్కోరును ఓపీ స్కోరు పక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఈ ఒక్క తేడా దగ్గర ఆగి ఆలోచించాలి.

తారుమారయ్యేవి ఇంకా ఉన్నాయి. పళ్ళు తోముకునే చెయ్యి ఇంచుమించు వణుకు లయలోనే ఆడుతుంది, అది ఈ పరికరాలు చేసేవాళ్ళందరికీ తెలిసిన తలనొప్పి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం పార్కిన్సన్స్ తొలి గుర్తుల్లో ఒకటి. మంచిదే. సాయంత్రం సుందరయ్య పార్కు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒకావిడ కుడి చేతిలో కూరగాయల సంచి, ఇంకొకావిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లెక్కుతోంది, ఒక పిల్ల ఫోన్ చూస్తూ నడుస్తోంది. ఎవరి కుడి చెయ్యీ ఊగడం లేదు. ఇక అమ్మ కుడి చేతికి వాచీ కింద మట్టిగాజులున్నాయి. అవి తీయమని ఆవిడకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా గాజు వాచీకి తగులుతుంది, ప్రతి తాకిడీ యంత్రానికి ఒక కుదుపే. ఇలాంటి చేతుల మీద, చేత్తో అన్నం కలుపుకునే మనుషుల మీద, చీర కట్టుకున్న నడకల మీద పరీక్షించి చూస్తే తప్ప మన ఇళ్ళలో ఆ స్కోరును నమ్మలేను. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో సెన్సర్లు తెలిసిన పిల్లలకు కొదవ లేదు. ఎవరైనా ఈ పనికి పూనుకుంటే మా అమ్మ చెయ్యి మొదట చాపుతుంది, గాజులతో సహా.

బతుకమ్మ నాటి గ్రాఫ్

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, నాకు ఇంకా పూర్తిగా అంతుపట్టనిది. పోయిన సద్దుల బతుకమ్మ నాడు అపార్ట్‌మెంట్ కింద ఆడవాళ్ళంతా చేరాం. అమ్మను కుర్చీలో కూర్చోబెడదామనుకున్నాం. పాట ఎత్తుకోగానే తనే లేచి వలయంలో కలిసింది. అడుగేసి చప్పట్లు, వంగి చప్పట్లు. రెండు చేతులూ పూర్తిగా విచ్చుకుని కలుస్తున్నాయి. ఓపీలో పదిసార్లు వేళ్ళు కొట్టలేని మనిషి, పాట అయిపోయేదాకా చప్పట్లు తప్పలేదు.

బయటి నుంచి లయ అందితే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ కదలిక మెరుగుపడుతుందన్నది తెలిసిన సంగతే. ఫిజియోథెరపీలో టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టి నడిపించేది దీనికే. లోపల ఆగిన తాళం బయట దొరుకుతుంది. ఆ సాయంత్రపు గ్రాఫ్ చూసి తమ్ముడు "అమ్మ ఫుల్ నార్మల్" అని మెసేజ్ పెట్టాడు. కదలిక మటుకు నిజమే, వాచీ అబద్ధం చెప్పలేదు. కానీ దాన్ని మందు చేసిన మేలుగా చదివితే తప్పే. అలాగని పాట చేసిన మేలు ఒట్టిదా? అదీ ఆవిడ చెయ్యే కదా. అసలు సామర్థ్యం అని దేన్ని అనాలి? ఏ తోడూ లేకుండా చేయగలిగినదాన్నా, తోడు దొరికితే చేయగలిగినదాన్నా? స్కోరు కోసం మొదటిది కావాలి. బతకడానికి రెండోది కావాలి. ఇక్కడ నాకు స్పష్టమైన జవాబు లేదు.

అయినా పెట్టుకోమనే అంటాను

ఇంత చెప్పాక వాచీ తీసి బీరువాలో పెట్టమంటానని అనుకోవద్దు. మాకు అది చేసిన మేలు చిన్నది కాదు. రోజుల తరబడి గ్రాఫులు ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. పొద్దున పదకొండు దాటాక చేతి కదలిక కుంగుతోంది, మధ్యాహ్నం మాత్ర తర్వాత కూడా ఆలస్యంగా లేస్తోంది. ఒక్క రోజైతే చిక్కుడుకాయలో, ప్రవచనమో అనుకోవచ్చు. అన్ని రోజులూ అదే వేళకు కుంగుతుంటే అది మాత్రకు సంబంధించిందే. నేను పక్కన నోట్‌బుక్‌లో మాత్ర వేళ, భోజనం వేళ రాస్తూ వచ్చాను. మధ్యాహ్నం మాత్రను పప్పన్నం తిన్న వెంటనే వేసుకుంటోందని అప్పుడు తేలింది. మాంసకృత్తులు పేగులోనూ, మెదడు దగ్గరా లెవోడోపాకు అడ్డుపడతాయి. డాక్టరు గారు డోసు పెంచలేదు. మాత్రలను దగ్గర దగ్గరగా జరిపారు, భోజనానికి ముందు వేసుకోమన్నారు. ఓపీలో ఎన్నిసార్లు వేళ్ళు కొట్టించినా ఇది తెలిసేది కాదు. ఇందులో మేము వాచీని అడిగింది వేళ ఒక్కటే. అమ్మను అమ్మతోనే, నిన్నటి పదకొండుతో ఇవాళ్టి పదకొండును పోల్చాం. అందుకే గాజులూ సంచులూ అడ్డురాలేదు. ఆ గందరగోళం అన్ని రోజులకీ సమానమే.

తమ్ముడి వాదన వేరు. "డాక్టరు కన్ను మాత్రం ఒకేలా ఉంటుందా? ఒకరు 1 ఇస్తే ఇంకొకరు 2 ఇస్తారు. యంత్రానికి మూడ్ ఉండదు" అంటాడు. ఆ మాట కాదనలేను. వేలికి గైరోస్కోప్ తొడిగి అదే పదిసార్ల పరీక్ష చేస్తే ప్రతిసారీ వేళ్ళు ఎంత తెరుచుకున్నాయో లెక్క దొరుకుతుంది, కంటికి అందని తగ్గుదల కూడా కనిపిస్తుంది. కొత్త మందుల ప్రయోగాల్లో అంత సన్నటి తేడాలే తీర్పు చెబుతాయి. అక్కడ ఈ కొలతలు రావాల్సిందే, ఎంత త్వరగా వస్తే అంత మంచిది. కానీ అక్కడ మనిషికి ఏం చేయమన్నారో తెలుసు, చేస్తున్నదీ తెలుసు. ఇల్లు ప్రయోగశాల కాదు.

నాకు భయం వేసేది యంత్రం గురించి కూడా కాదు, దాని చుట్టూ చేరే మన గురించి. గ్రాఫ్ కుంగిందని ఇంట్లోవాళ్ళే ఒక మాత్ర కలిపి వేస్తారు. ఎవరో దూలగొండి చూర్ణం చెబుతారు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజం, 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రవేత్తలు వాటి నుంచి దాన్ని వేరుచేశారు. అందుకే అది జీలకర్ర కషాయం లాంటిది కాదు. డాక్టరు రాసిన డోసు మీద అది కూడా పడితే ఒళ్ళు మెలికలు తిరుగుతుంది, కొందరికి లేని మనుషులు కనిపిస్తారు. ఇంకో బాధ, గ్రాఫ్ వచ్చాక అమ్మను అడగడం తగ్గింది. "ఎలా ఉంది చెయ్యి?" అని అడిగే తమ్ముడు ఇప్పుడు "చెయ్యి బాలేదట కదా" అంటున్నాడు. ఒకరోజు అమ్మ వాచీ తీసి దిండు కింద పెట్టి పడుకుంది. నేను తిరిగి పెట్టలేదు. ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో చెప్పే హక్కు ఆ చేతిదే. అప్పటి నుంచి లెక్కలు నా ఫోన్‌కూ, డాక్టరు గారికీ తప్ప ఎవరికీ వెళ్ళకుండా పెట్టమంది. పెట్టాను.

వాచీ కొనలేని వాళ్ళకు, కొనే అవసరం లేని వాళ్ళకు ఒక మాట. అమ్మ ఇప్పటికీ గుమ్మం ముందు ముగ్గు వేస్తుంది. చుక్కలు పెట్టుకుంటూ పోతే వరస మొదట్లో చుక్కకూ చుక్కకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంటుంది, చివరికి వచ్చేసరికి వేలు పట్టదు. ఓపీలో వేళ్ళు దగ్గరైనట్టే. రోజూ మొదటి మాత్రకు ముందు వేసిన ముగ్గును ఫోటో తీసి ఉంచాను. మొన్న డాక్టరు గారు గ్రాఫ్‌ను గబగబా దాటేసి ఆ ఫోటోల దగ్గర ఆగారు, వేలితో పెద్దవి చేసి చుక్కలు చూశారు. ముగ్గు వేయని వాళ్ళు రోజూ ఒకే వేళకు ఒక వాక్యం రాయించవచ్చు, వేళ్ళు పదిసార్లు కొట్టించి వీడియో తీయవచ్చు. పైన మాత్ర వేళ రాస్తే చాలు.

అసలు అన్నిటికంటే ముందు కావాల్సింది పైసా ఖర్చు లేనిది. ఓపీ చీటీ మీద బీపీ, బరువు రాసే నర్సు పక్కనే ఇంకొక్క గడి పెట్టి, ఆఖరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఇప్పుడు టైం ఎంతో రాయాలి. మా డాక్టరు గారిని అడిగాను. అచ్చు ఫారంలో గడి లేదు కానీ చేత్తో రాయిస్తానన్నారు. మీరూ మీ డాక్టరు గారిని అడగండి. ఈలోగా పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఆ రెండు టైములూ చీటీ మూలన మీరే రాసి ఇవ్వండి, బ్యాగులో మంచినీళ్ళ సీసా పెట్టుకోండి, మాత్ర వేళయితే టోకెన్ కోసం ఆగకండి.